పాదం మీద రెండు వేళ్లు

అధ్యక్షులు జయరామన్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న డాక్టర్ వరదరాజులు గారికి, వెనుక వరుసలో ఇంకా మాట్లాడుకుంటున్న నర్సమ్మలకు నమస్కారం. మీ మాటలు పూర్తయ్యాక నేను మొదలుపెడతాను. (నవ్వులు)

మంచిది. నాలుగేళ్ల కిందట, 1985లో, నా తమ్ముడు త్రిమూర్తులు యానాం నుంచి బదిలీ మీద ఈ ఊరు వచ్చి, ఇందిరా నగర్‌లో మా ఇంట్లోనే ఉండేవాడు. నా మనవలు నా ఎదుట పెద్దగా నవ్వను కూడా నవ్వరు గాని, వాడు మాత్రం దొడ్లో సిగరెట్టు కాల్చి, తులసాకు నమిలి వచ్చి, నాకేమీ తెలియదనుకుని నా పక్కనే కూర్చునేవాడు. ఆ సిగరెట్లే వాడి కాలి రక్తనాళాన్ని పూడ్చేశాయి. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది. తరువాత బొటనవేలు నల్లబడింది. వేరే ఊళ్లో చూపిస్తే, మోకాలి పైవరకు తీసేయాలన్నారు.

అప్పుడు ఈ ఆసుపత్రికి తెచ్చాం. డాక్టరు గారు పాదంలో నాడి చూడబోయిన ప్రతిసారీ వాడు కాలు లాగేసుకున్నాడు. పెద్దవారు మన పాదం ముట్టుకుంటే ఆయుక్షీణమని మా ఇంట్లో నేర్పిన మాట. చివరికి డాక్టరు గారు, తమ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అన్నారు:

"ఏంది సామీ, నేను దండం పెట్టేదానికి రాలా. నాడి యాడుందో చూడనీ. లేకుంటే ఈ కాలే ఉండదు."

నేను "చాపరా" అన్నాను. చాపాడు. (నవ్వులు)

గజ్జల దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టం నాళంలోకి పంపి, దాని కొసనున్న బెలూన్‌ను పూడిక దగ్గర ఉబ్బించి దారి తెరుస్తామన్నారు. ఈ ఊళ్లో అప్పటికి అది కొత్త. ఫలించకపోతే కాలు దక్కదని కూడా దాచలేదు. తమ్ముడు లోపల మెలకువగానే ఉన్నాడు. "అక్కా" అని పిలుస్తాడేమోనని నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

డాక్టరు గారు బయటికి వచ్చారు. నన్ను లోపలికి తీసుకువెళ్లి, నా రెండు వేళ్లు వాడి పాదం మీద పెట్టారు. రాయిలా చల్లబడిన పాదం వెచ్చగా ఉంది. వేళ్ల కింద నాడి కొట్టుకుంటోంది.

నల్లబడిన వేలు పోయింది, కాలు నిలిచింది.

నిరుడు తమ్ముడు గుండె ఆగి పోయాడు. అంతకు ముందు రోజు సాయంత్రం కూడా సముద్రపుటొడ్డు దాకా నడిచి వెళ్లి, చీకటి పడ్డాక వచ్చి, గుమ్మంలోనే నా చేత చివాట్లు తిన్నాడు. డాక్టరు గారూ, తన కాళ్ల మీద నడిచి ఇంటికి వచ్చిన తమ్ముణ్ణి తిట్టుకునే భాగ్యం నాకు మూడేళ్లు దక్కింది. అది మీరు ఇచ్చింది.

కృతజ్ఞురాలిని. సెలవు.