చాపెల్ మలుపులో బూడిద

హలో… ఆ, చెప్పు జనీన్, నేనే. దెస్‌నే, డిపోలోనే ఉన్నా… ఏంటి, ఇంకా పైకి చేరలేదా? ఎనిమిదీ ఇరవై దాటింది. ఈపాటికి హెథర్‌స్టోన్‌లో బస్సు తిప్పుకుని టీ తాగుతుండాలి కదా నువ్వు…

ఎక్కడ?

చాపెల్ మలుపులోనా? అక్కడ ఆపడమేంటి తల్లీ, ఆ మలుపులో ఎవరూ ఆపరు, నీకు మొదటిరోజే చెప్పాను—

నువ్వు ఆపలేదా… అదే ఆగిపోయిందా.

ఊఁ… ఊఁ… చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదలట్లేదు. సరే. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్… తీశావా? ఇంక దాని జోలికి పోకు. నువ్వు తొక్కే కొద్దీ కింద మంచు ఇంకా నున్నగా తయారవుతుంది.

వెనక్కి జారిందా?… ఎంత?… గజం. సరే, గజమేగా. గజం పెద్ద లెక్కలోది కాదు. హ్యాండ్‌బ్రేకు లాగావా?… ఇంకొంచెం గుంజు. అది కిర్రుమనాలి… ఆ, ఇప్పుడు వినపడింది. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచు. ఆనించు అన్నాను, కొట్టకు. ఇంజను ఆపకు.

ఫోను చేత్తో పట్టుకున్నావా?… స్పీకర్లో పెట్టి అద్దం ముందు పడెయ్. నాకు నీ రెండు చేతులూ స్టీరింగ్ మీద కావాలి…

వినపడుతోంది. ఇప్పుడు స్టీరింగ్ ఎడమకి తిప్పు. పూర్తిగా… అవును, గోడవైపే. జారకపోతే మంచిదే. జారిందే అనుకో, వెనకభాగం పోయి గోడకి ఆనుతుంది. తిన్నగా వదిలావంటే మాత్రం—

తెలుసమ్మా, కింద కాలువ ఉందని నాకూ తెలుసు. ఇరవై మూడేళ్ళు బస్సుతో ఆ క్రోహిల్ కొండ ఎక్కినవాణ్ణి. నువ్వు దానివంక చూడకు. వెనక చూసే అద్దంలో ఇవ్వాళ నీకు పనేం లేదు.

లోపల ఎంతమంది?… బెథనీ, చంటిబిడ్డ. హోల్‌రాయిడ్ దంపతులు. టీచర్లిద్దరు. క్లిఫర్డ్. బిడ్డతో కలిపి ఏడుగురు… ఏడుస్తున్నదెవరు, బిడ్డా?… హోల్‌రాయిడ్ గారా! పాపం, ఆయన్ని భార్య చెయ్యి పట్టుకోమను.

అందర్నీ దింపేద్దాం జనీన్. ఒక్కొక్కళ్ళనే. ముందు సీట్లలోవాళ్ళు ముందు. బరువు వెనక చక్రాల మీద ఉన్నంతసేపు బండి కాస్త మాట వింటుంది… అందరూ ఒక్కసారి లేచారంటే కాదు. తలుపు తీసి, దిగినవాళ్ళని గోడ పట్టుకుని పైకి నడవమను. పైకి! బస్సు వెనక్కి ఒక్కళ్ళు కూడా పోకూడదు, సామాను కోసమైనా సరే…

బెథనీ దిగిందా?… బిడ్డ బండి వదిలెయ్యమను. బిడ్డనెత్తుకుంటే చాలు…

ఒక్క నిమిషం. పామ్! పామ్, ఆ రెండో ఫోను తియ్యి. రోడ్లవాళ్ళకి చెయ్యి. మంచుమీద ఉప్పు చల్లే లారీ ఎక్కడుందో కనుక్కో, చాపెల్ మలుపులో పదిహేడో నంబరు ఇరుక్కుందని చెప్పు… బస్సే, ఇంకేం ఇరుక్కుంటుంది!… చెప్పు జనీన్, ఇక్కడే ఉన్నాను.

హోల్‌రాయిడ్ గారు?… దిగనంటున్నాడా. ఫోను వైపు తిరగమను. ఏమండీ హోల్‌రాయిడ్ గారూ, నేను దెస్‌ని. పంతొమ్మిదేళ్ళు నా బండిలో ఆ మూడో సీట్లో కూర్చున్నారు మీరు. ఎప్పుడైనా మిమ్మల్ని పడేశానా?… మరి లేవండి. నిదానంగా… వెళ్ళాడా? హమ్మయ్య.

క్లిఫర్డ్ ఏమంటాడు?… కోళ్ళ దాణానా? చక్రాల కింద పోస్తాడా? వద్దని చెప్పు మహానుభావుడికి! మొక్కజొన్న గింజల మీద బస్సు గోలీల మీద ఎక్కినట్టు పోతుంది. వాడి బుర్ర కంటే వాడి కోళ్ళ బుర్రలే నయం… ఆ, నవ్వు. నవ్వితే చేతులు బిగుసుకోవు.

అందరూ దిగారా?… సరే. ఇంక నువ్వొక్కదానివే. లేదు, నువ్వు దిగకు. నువ్వు కాలు తీస్తే దాన్ని ఆపేవాళ్ళుండరు. కింద బెల్ రో వీధిలోనేమో జనం పనులకి బయల్దేరే వేళ…

నాకు తెలుసు, భయమేస్తుంది. నాకూ వేస్తోంది.

ఒక్కటి చెప్పు. మలుపులో రోడ్డు ఏ రంగులో ఉంది?… నల్లగా మెరుస్తోంది. బూడిద లేదా?… కాస్త కూడా? అటు గోడ పక్కన?… అస్సలు లేదు.

…

ఉన్నాను, ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

జనీన్, హెస్టరమ్మ ఇల్లు కనపడుతుంది కదా నీకక్కడినుంచి? పచ్చ తలుపు. పొగగొట్టం చూడు… పొగ లేదా. సరిగ్గా చూశావా?… ఆవిడ అయిదింటికి లేస్తుంది. ఆరింటికి పొయ్యిలో నిన్నటి బూడిద ఎత్తి, బకెట్లో పోసి పెరట్లో పెట్టి, అప్పుడు కొత్త బొగ్గు ముట్టిస్తుంది. ఏడున్నరకల్లా పొగ రావాలి. ఆ కొండమీద మిగతావాళ్ళంతా గ్యాసుకి మారిపోయారు. బూడిద ఉన్న ఇల్లు అదొక్కటే…

అవును, నువ్వడిగావు. ఏడూ యాభైకి, నా బల్ల దగ్గర నిలబడి అడిగావు. ‘హెస్టరమ్మ ఏమంది?’ అన్నావు. నేను ‘రమ్మంది, వెళ్ళు’ అన్నాను.

లేదు జనీన్.

అనలేదు. ఆవిడ ఏమీ అనలేదు. ఏడింటికి ఫోను చేశాను. రోజూ రెండు రింగులకే ఎత్తుతుంది. బయటికి పోయి మలుపులో కాలుపెట్టి చూసి, బూడిద చల్లి వచ్చి ‘రా’ అంటుంది, లేకపోతే ‘రావద్దు’ అంటుంది. వాళ్ళాయన పదిహేడో నంబరు నడిపిన రోజుల నుంచీ ఇదే పద్ధతి. ఇవ్వాళ ఇరవై రింగులు మోగింది. ఎత్తలేదు.

స్కిప్టన్‌లో చెల్లెలింటికి పోయుంటుందిలే అనుకున్నాను… ఊరికే అనుకున్నాను. నాకు కావలసింది అనుకున్నాను. ఈ వారం రెండుసార్లు బండి ఆపేశాను, పైఅధికార్లతో అక్షింతలు పడ్డాయి. ఇంకోసారి ఆపితే చలికాలమంతా పదిహేడే ఉండదన్నారు. ఇరవై మూడేళ్ళు నడిపినవాణ్ణి, కిటికీలోంచి ఆకాశం చూస్తే చాలదా అనుకున్నాను. చాలలేదు.

తిట్టు. తిట్టాల్సిందే. అన్నీ తర్వాత తిట్టు, కానీ కాలు మాత్రం—

ఏంటా చప్పుడు?

జనీన్?

జారుతోందా? గట్టిగా తొక్కకు! తొక్కకు, చక్రాలు బిగుసుకుంటే చుట్టు తిరుగుతుంది! స్టీరింగ్ ఎడమకే, ఎడమకే ఉంచు, వదలకు, వదలకు తల్లీ—

…

జనీన్.

జనీన్, మాట్లాడు.

…హమ్మయ్య. హమ్మయ్య, దేవుడా. గోడకి ఆనుకుందా. వెనక దీపం పగిలిందా? పగలనీ. వంద పగలనీ. నీకేమైనా?… భుజమా. వేళ్ళు కదిలించి చూడు… సరే.

గోడ ఆపుతుందా?… రాళ్ళు కదులుతున్నాయా. ఎన్ని?… పై వరసే కదా. అది సున్నం లేకుండా పేర్చిన గోడ, తోస్తే వస్తుంది. కాబట్టి మనకి ఎక్కువసేపు లేదు. కంగారుపడమని కాదు చెప్పేది, తెలియాలని చెబుతున్నాను. ఇంక నీకు అబద్ధం చెప్పను.

పామ్, ఏమన్నారు?… ఇరవై నిమిషాలా! ఇంకా వంతెన అవతలే ఉందట జనీన్, ఉప్పులారీ.

చక్రాలకి పట్టు దొరకాలంటే బూడిద కావాలి. క్లిఫర్డ్ దగ్గర్లోనే ఉన్నాడా?… పిలువు. క్లిఫర్డ్, నేను దెస్‌ని. విను. హెస్టరమ్మ ఇంటి వెనక పెరట్లోకి పో. పక్కసందులోంచి, గోడ పట్టుకుని. వంటింటి మెట్టు దగ్గర బూడిద బకెట్ ఉంటుంది… ఆవిడ తిడితే తిట్టనీ. తిడితే పరిగెత్తుకొచ్చి నాకు చెప్పు, అంతకంటే మంచి కబురు లేదు నాకు… పో!

ఎందుకంటే, జనీన్… పొగ లేదు. బూడిదా లేదు. అంటే బూడిద ఎత్తడానికీ కొత్త నిప్పు ముట్టించడానికీ మధ్యలో ఏదో అయింది. ఆరింటికి. ఇప్పుడు ఎనిమిదిన్నర కావస్తోంది. ఎనభై ఒకటి ఆవిడకి.

అవును. నేనూ అదే అనుకుంటున్నాను. ఆ ఇరవై రింగులప్పుడే అనుకోవాల్సింది.

…

రాళ్ళు ఎలా ఉన్నాయి?… సరే… మాట్లాడుతూ ఉండు నాతో… ఏదైనా చెప్పు. పొద్దున ఏం తిన్నావు?… ఓట్స్ జావా, పంచదార కాకుండా ఉప్పేసుకునా? అబ్బ, ఏం మనిషివమ్మా.

క్లిఫర్డ్ గొంతేనా అది? ఏమని అరుస్తున్నాడు?… సరిగ్గా విను…

దొరికింది.

ఆవిడ మెట్టు కింద పడి ఉందా. కాలు జారి… బతికే ఉంది కదా? మాట్లాడుతోందా?… బొగ్గు గోనెలు లాక్కుని కప్పుకుందా! చూశావా, ఆ తెలివి చూశావా… పామ్, అంబులెన్సుకి చెయ్యి! క్రోహిల్, పచ్చ తలుపు, తుంటి విరిగి ఉండొచ్చు, రెండున్నర గంటలుగా మంచులో ఉందని చెప్పు… టీచర్లని పెరట్లోకి పంపు జనీన్, కోట్లన్నీ తీసి కప్పమను. బెథనీని కూడా. ఎత్తొద్దు, కప్పడమే.

ఏంటీ?… బకెట్ తోనే వచ్చాడా వీడు? ఆవిణ్ణి వదిలేసి?… ఆవిడే పంపిందా. ‘ముందు బస్సు, తర్వాతే నన్ను ముట్టుకోండి’ అందా…

…లేదు. ఏడవట్లేదు. జలుబు.

క్లిఫర్డ్, వెనక చక్రాల ముందు పొయ్యి. రెండు చారలు, రెండడుగుల వెడల్పు, మలుపు పైదాకా. దాచుకోకు, అంతా పొయ్యి… బస్సు వెనక్కి మాత్రం పోకు, పైవైపునే నిలబడి పొయ్యి… అయిందా?… పక్కకి తప్పుకో. గోడ దగ్గర కాదు, ఇంటి మెట్లమీదికి.

ఇప్పుడు జనీన్. చెబుతాను విను. మొదటి గేరు. స్టీరింగ్ తిన్నగా… హ్యాండ్‌బ్రేకు అప్పుడే వదలకు. నేను చెప్పేదాకా—

ఆగు, ఎవరు? బెథనీనా?… హెస్టరమ్మ మాట్లాడతానంటోందా? ఇప్పుడా!… బెథనీ ఫోనులోంచా. వద్దను, నేను తర్వాత… సరే. సరే, పామ్, ఆ రెండో ఫోను ఇటివ్వు. జనీన్, నువ్వు అలాగే ఉండు, నీ లైను కట్ చెయ్యట్లేదు.

హెస్టరమ్మా?… నేనే అమ్మా. దెస్‌ని… ఎలా ఉంది మీకు… సరే, అడగను.

విన్నారా.

…రింగులన్నీ విన్నారా. వంటింటి తలుపు తెరిచే ఉందా… లెక్కపెట్టారా. అవునమ్మా, ఇరవై.

ఏమనుకున్నారు?…

…

‘నేను ఎత్తట్లేదు కాబట్టి దెస్ బస్సు పంపడు, మనిషిని పంపుతాడు’ అనుకున్నారా. అందుకే ధైర్యంగా పడుకున్నారా అక్కడ.

నేను మనిషిని పంపలేదమ్మా. బస్సునే పంపాను.

ఆ పిల్లకి మీరు రమ్మన్నారని చెప్పాను. అవును. మీ పేరు మీదే చెప్పాను… కాదనను. ఒక్కటీ కాదనను.

…చిత్తం.

మలుపు కనపడుతోందా మీకక్కడినుంచి? సందులోంచి… బెథనీ చూసి చెబుతోందా. ఎంత మందాన పోశాడు?… ఇంకా నాలుగడుగులు పైకి పొయ్యాలా? జనీన్, క్లిఫర్డ్‌ని ఇంకో నాలుగడుగులు పొయ్యమను, తూము మూత దాటేదాకా. అక్కడ నీరు ఊరుతుందట… నాకు తెలీదమ్మా. ఇరవై మూడేళ్ళలో నాకు తెలీదు. అక్కడ పోస్తున్నది మీరే కదా.

పోశాడు. ఇప్పుడు?

…

‘రావచ్చు’ అంటున్నారా?

ఆగండి. నాకు చెప్పకండి. రెండు ఫోన్లూ దగ్గర పెడుతున్నాను. ఆ పిల్లకే చెప్పండి, మీ నోటితోనే. నా మాట ఇవ్వాళ ఆ కొండమీద చెల్లదు.

జనీన్, విను… విన్నావా?… ఎవరన్నారు?… ఆవిడే కదా, నేను కాదు కదా?… ఇంక నీ ఇష్టం తల్లీ. నేను మాట్లాడను.

…

…మొదటి గేరు వేసింది.

…

పట్టుకుంది. పామ్, చక్రాలకి పట్టు దొరికింది, విను—

…

హలో? జనీన్?… మలుపు దాటితే సిగ్నల్ పోతుంది. దాటింది.

హెస్టరమ్మా, లైన్లో ఉన్నారా? దాటేసిందమ్మా… అవును, వినపడింది కదా మీకూ… అంబులెన్సు వంతెన దగ్గరికొచ్చింది, ఉప్పులారీ వెనకే… నేనూ వస్తున్నాను. లేదు, బస్సులో కాదు. నడిచి. నా మోకాలి సంగతి నేను చూసుకుంటాను… ఏంటమ్మా?… పొయ్యి ముట్టించాలా? ముట్టిస్తాను. రేపటికి బూడిద కావాలి కదా… ఉంటాను.