ఆ గదిలో రాజుగారు అన్న మాట

లండన్ రాజప్రాసాదంలో తేనీటి వేళ, ముసలి రాజు తన పాత హోంమంత్రిని తలుపు వేసి రమ్మన్నాడు.

“ఇరవై ఏళ్ళ కిందట ఆ గనికూలీని ఉరితీశారు. క్షమాభిక్ష పెట్టే అధికారం నాదే కదయ్యా?”

“కాగితం మీద మీదే. మంత్రి చెప్పినట్టు చేయడం ఆచారం. కాకపోతే, వద్దని ఒక్కమాట వారించే హక్కు ఏలినవారికి ఉంది.”

“వారించాను కదూ? ఆ రోజు గదిలో మనిద్దరమే ఉన్నాం. అక్కడి మాటలు రాసిపెట్టే అలవాటూ లేదాయె. వాడి తల్లి ఏటా ఉత్తరం రాస్తుంది. ‘నా బిడ్డ కోసం బతిమాలారు, మీ మేలు మరవను’ అని.”

“ఆమెకెవరు చెప్పారు?”

“నేనే.”

మంత్రి కప్పు కింద పెట్టేశాడు.

“చెప్పవయ్యా. ఆ రోజు నేనేమన్నాను?”

“మా కుక్క కాలు నయమైందా అని అడిగారు, ఏలినవారు.”