బావ నిలబడిన చోటు

నా పేరు, చిరునామా ఈ వాంగ్మూలం పైన రాయించాను. వయసు నలభై మూడు. పనిముట్ల వర్క్‌షాపులో సానరాయి మీద కత్తులకు, కత్తెరలకు పదును పెడతాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. అక్కడి ఫోర్‌మన్ మా అక్క భర్త. నాకు పని నేర్పింది ఆయనే.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి కొత్త రాయి బిగించాను. బిగించే ముందు చెక్క సుత్తితో కొట్టి చూశాను. పగులుంటే బొంగురుగా పలుకుతుంది. ఇది ఖంగున మోగింది. బావ పక్కనే ఉండి, "బాగుందిరా, పెట్టెయ్" అన్నాడు. నేను కొట్టి చూడలేదని ఆయన మీకు చెప్పాడట. చూశాను.

స్విచ్ వేస్తే రొద ఎక్కువగా అనిపించింది. అడిగితే కొత్త బేరింగు అన్నాడు. నమ్మాను.

కొత్త రాయి మీద మొదటి కత్తి సాన పడుతున్నప్పుడు బావ నా కుడి భుజం వెనక నిలబడి చూస్తాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ రోజు తలుపు దగ్గర, గోడ చాటున నిలబడ్డాడు. "ఏం బావా, నా మీద అలిగావా?" అని ఎగతాళి చేశాను. "నడుం నొప్పిరా. నువ్వు పట్టు" అన్నాడు.

ఎనిమిదీ ఇరవైకి రాయి పగిలింది. ఒక ముక్క నా కుడిచేతి మూడు వేళ్ళు తీసుకుపోయింది. ఇంకొకటి నా భుజం పక్కగా, బావ ఎప్పుడూ నిలబడే చోటు మీదుగా, తిన్నగా పోయి వెనక బల్ల దగ్గర పిడులు బిగించే పెద్దాయన ఛాతీకి తగిలింది. ఆసుపత్రికి చేరకముందే ఆయన పోయాడు.

మోటారు పుల్లీ, అదే బెల్టుతో రాయిని తిప్పే చక్రం, ఆదివారం మారిందని మీరు చెప్పాకే నాకు తెలిసింది. సైజులో పాతదానికి రెట్టింపుదట. అంటే రాయి రెట్టింపు వేగంతో తిరిగింది. వేగం రెట్టింపైతే, ముక్కలు ఊడిపోకుండా పట్టి ఉంచడానికి నాలుగింతల బలం కావాలి. ఏ రాయీ అంత వేగానికి తట్టుకోలేదు. ఈ లెక్క నాకు బావే నేర్పాడు, నీళ్ళ బకెట్టును తాడు కట్టి గిరగిరా తిప్పి చూపించి.

నిన్న అక్క ఆసుపత్రికి వచ్చి, "బావ పేరు చెప్పకురా" అంది. పని త్వరగా తెమలాలని యజమాని ఒత్తిడి చేస్తే పుల్లీ మార్చాడట. అంతవరకైతే నోరు మూసుకునేవాణ్ణేమో. కానీ బావ తలుపు దగ్గర నిలబడ్డాడు. నన్ను మాత్రం కత్తి పట్టమన్నాడు.

నేను చెప్పినట్టే రాశారు, చదివి వినిపించారు. ఇందులో అబద్ధం లేదు. కుడిచేత్తో సంతకం చేయలేను కనుక ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)

మొత్తం విని, ముద్ర వేసేటప్పుడు చెయ్యి పట్టుకున్న సాక్షి: అక్క (సంతకం)