పదహారుకు పదహారే

హలో… ఆ, నేనే. ఇంట్లో ఉన్నది నేనూ మీ అమ్మగారూ, ఇంకెవరెత్తుతారు? … కరెంటా? రాలేదు. ఎలా వస్తుంది, మీటరు దగ్గర మెయిన్ ఆపింది నేనేగా…

షాపులోనే ఉన్నారా? … ఎంసీబీ దొరికిందా, ఆ ఊరికే పడిపోయే స్విచ్చు? … అబ్బ, బతికించారు. ఎన్ని ఆంప్స్‌ది? … ముప్ఫై రెండా!

ఏమండీ, పాతది పదహారు కదా… నిజమే, గీజరు వేసినప్పుడల్లా పడిపోతోంది… అందుకని పెద్దది పెడితే పడదు… ఆహా, ఏం బుర్రండీ! కుక్క అరుస్తోందని దాని మూతి కట్టేసి హాయిగా పడుకుందామంటారు…

అరవకండి, షాపులో జనం ఉంటారు… వైరేమైనా మారుస్తున్నారా? — లేదుగా? గోడలో ఉన్నది ఆ పదహారుకి సరిపడా వేసిన వైరు. ముప్ఫై రెండు పెడితే ఎంసీబీ పడదు, ఒప్పుకున్నాను. వైరే కాలుతుంది. గీజరుతో పాటు గోడ కూడా వెచ్చగా ఉంటుంది, చలికాలానికి కలిసొస్తుంది…

నాకెలా తెలుసా? బోర్డు తలుపు లోపల కాగితం అంటించి ఉందిగా, చదివాను. మీరు దానిమీద పెన్ను రాస్తోందో లేదో చూసుకున్నారు, గీతల మధ్యలోంచి చదవాల్సొచ్చింది…

సరే, కంపెనీ ఏది? … అన్నీ ఒకటేనా? … సైజు ఒకటే, కాదన్లేదు. మీకూ మీ తమ్ముడికీ కూడా కాళ్ళ సైజు ఒకటేగా. మరి ఆయన బూట్లేసుకుని ఆ పెళ్ళంతా ఎందుకు కుంటుతూ తిరిగారు? … బోర్డు ఏ కంపెనీదో ఎంసీబీ ఆ కంపెనీదే, ఆ రకమే కావాలి. రాగి పట్టీ మీద సరిగ్గా కూర్చోవాలి…

పోయినసారీ ఇదే మాట, ‘అన్నీ ఒకటే’ అని. తెచ్చింది వదులుగా ఊగుతోందని వెనకాల ఏదో మడిచి దోపారు… లేదా? … గుర్తులేదా? పోనీలెండి, నేను గుర్తుచేస్తాను. మెయిన్ ఆపాకే మూత తీసి టార్చి వేశాను. ఇదిగో, నా చేతిలోనే ఉంది… మీ విజిటింగ్ కార్డు. సగం మాడింది. పేరు పోయింది పాపం. ‘భద్రతాధికారి’ మాత్రం నిక్షేపంగా ఉంది…



లేదు, నేనేం నవ్వట్లేదు… ఆ గోడకి అవతల ఎవరి మంచం ఉందో తెలుసుగా? … ఆ. ‘ఏదో కాలుతున్న వాసన్రా’ అని ఆవిడ ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటున్నారు? మీరేమన్నారు? … చెప్పండి, వింటున్నా… ‘అమ్మకి వయసైంది, ముక్కు పాడైంది’ అన్నారు. అని ఊరుకున్నారా, ముక్కు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళారు. ఆయన చుక్కల మందు రాశాడు. పక్కన గోడ మాడుతుంటే ఆవిడ బుద్ధిగా ముక్కులో చుక్కలు వేసుకుంటున్నారు…

నాకెందుకండీ సారీ? నా ముక్కు నిక్షేపంగానే ఉంది…

ముందు ఆ షాపాయనకివ్వండి ఫోను… నమస్తే అండీ. పాతదాని మీద సి-పదహారు అని ఉంది, ఆ సి రకమే, పదహారు ఆంప్స్‌దే కావాలి… ఆ, బోర్డు కంపెనీదే… ఉందా? అమ్మయ్య. ఈయన ఇంకేది అడిగినా ఇవ్వకండి… బిగించడానికి ఎలక్ట్రీషియన్‌ని కూడా వెంట పంపుతారా? వైరు ఎంతవరకు మాడిందో చూడాలి… మా ఆయనా? వద్దు, ఆయన్ని దూరంగా నిలబెడతాం…

ఆ, మీరేనా? విన్నారుగా. ఇప్పుడు అత్తయ్యకిస్తున్నాను… ఏం మాట్లాడాలా? ఆవిడ ముక్కు దగ్గర్నుంచి మొదలుపెట్టండి, మిగతాది అదే వస్తుంది…

అత్తయ్యా, మీ అబ్బాయి — హలో? … హలో?

పెట్టేశారత్తయ్యా…

ఏదీ, ఆ చుక్కల సీసా ఇలా ఇవ్వండి. ఇక అక్కర్లేదు… అవునండీ, మీరు చెప్పిందే. గోడే…

ఇదిగో, మళ్ళీ మోగుతోంది. నేనెత్తను. మీకోసమే, తీసుకోండి.