భీమమ్మ పేరు మీద వైఫై

నారాయణఖేడ్ బస్ డిపో ముందర చంద్రప్ప చాయ్ హోటల్లో ఆ పొద్దు మాణిక్యప్ప మనసు నిండుగా ఉంది. రెండు నెలల కింద ఎర్రతేలు కుట్టి చావుదాకా పోయిన భార్య భీమమ్మ, దవాఖానలో చూపించుకొని వచ్చి పక్క బెంచీ మీదే చాయ్ తాగుతోంది. ఇక బాగయిందని డాక్టర్ చెప్పాడు.

"మా ఊర్ల సెల్లుకు సిగ్నల్ రాదు గద," మొదలుపెట్టాడు మాణిక్యప్ప. "గందుకే ఇంట్ల వైఫై పెట్టిచ్చిన. పశువుల కొట్టందాంక వస్తది."

"మంచిదే," అన్నాడు చంద్రప్ప.

"కొట్టమేంది, కంది చేను దాటి కర్ణాటకల పడ్డది. అవుతలోళ్లు మా గట్టు మీదికొచ్చి కూసుంటున్నరు. ఇగ దీనికి తేలు కుట్టిననాడు ఏమైందో ఎర్కేనా? డాక్టర్‌కు వీడియో కాల్ కొట్టిన. సిగ్నల్ ఎంత జోరుగుండెనంటే, ఆయన చెయ్యి ఫోన్లకెళ్లి బయటికొచ్చి నాడి పట్టింది. ఆ చేత్తోనే సూదేసిండు."

"మరి తేలు?"

"దాన్ని గూడ ఫోన్ ముందర నిలవెట్టిన. డాక్టర్ గట్టిగ కసిరిండు. అది సరిహద్దు అవుతలి తేలాయె, 'తప్పాయ్తు సార్' అని కన్నడంల మాఫీ అడిగి పోయింది."

హోటలంతా నవ్వింది. భీమమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఆనాడు మనింట్ల వైఫై ఏడిది? పెట్టిచ్చి పది దినాలు గాలె. చెప్పుల్లేకుండ పక్కింటి వినోద దగ్గరికి ఉరికితివి. నీకేం తోచకుంటే ఆమెనే వాళ్లింటి వైఫై మీద డాక్టర్‌కు నన్ను సూపెట్టింది, అంబులెన్స్ పిలిచింది."

మాణిక్యప్ప మీసం తడుముకున్నాడు.

"నిజమే. గా పిల్ల పేరెత్తితే నాకు ఏడ్పొస్తది. నలుగురి ముందర ఏం ఏడుస్తనని డాక్టర్ చెయ్యి బయటికి తీసిన," అన్నాడు మెల్లగా. "ఆమె లేకపోతే నువ్వు ఈ బెంచీ మీద లేవు. గందుకే మనింట్ల గూడ పెట్టిచ్చిన. ఎవలన్న ఆపదల ఉరికొస్తే ఆగొద్దని పాస్‌వర్డ్ గూడ పెట్టలె."

"పెట్టినవ్," అంది భీమమ్మ. "నా పేరే పెట్టినవ్. ఇంటింటికి తిరిగి నువ్వే చెప్పొస్తివి."