మూడో సంతకం

(2006. ఏలూరులో ఒక పిల్లల హోము ఆఫీసు. గుమాస్తా ప్రభుదాసు ఎదురుగా మండవల్లి నుంచి వచ్చిన దంపతులు వెంకట్రాజు, సీతారత్నం. వాళ్ళిద్దరి మధ్యా బల్ల మీద నాలుగేళ్ళ పిల్ల.)

“అంటే, వద్దనడానికే పిలిచారా మమ్మల్ని?”

“తప్పుగా అనుకోకండి రాజుగారూ. ఈ పిల్లని స్వీడన్ వాళ్ళు అడిగారు. ఇక్కడ ఎవరూ తీసుకోలేదని చూపిస్తేనే బయటి దేశానికి పంపిస్తారు. ఇద్దరు వద్దని రాసిచ్చారు. మూడు కాగితాలుంటే గట్టిగా ఉంటుందని మా మేడంగారు.”

“ఊరందర్లో మేమే కనబడ్డామా?”

“మీ దరఖాస్తు చూశాక ధైర్యమొచ్చిందండి. మగపిల్లాడు, ఏడాదిలోపు, తెల్లగా ఉండాలి అని రాశారు. ఈ పిల్ల ఏ ఒక్కదానికీ సరిపోదు.”

“వద్దంటే రిజిస్టర్లో మా వరస పోదుగా?”

“పోదండి. రెండేళ్ళ నుంచి ఎక్కడుందో అక్కడే ఉంటుంది.”

“అయితే ఇవ్వండి. నాలుగింటి బస్సు పోతే మళ్ళీ ఆరుకే. సంతకం ఎక్కడ?”

“సంతకం కిందండి. పైన కారణం రాయాలి.”

“కాలు ఈడుస్తోందిగా, అది రాసెయ్యండి.”

“అది తాడేపల్లిగూడెం వాళ్ళు రాసేశారండి. ఆడపిల్ల అని జంగారెడ్డిగూడెం వాళ్ళు రాశారు. మళ్ళీ అవే అయితే కోర్టువారికి చూసి రాసినట్టుంటుంది. కొత్తది చెప్పండి.”

“నలుపు.”

“ఏవండీ.”

“ఏంటి రత్నం?”

“నేనేం రంగండీ?”

“అబ్బే, కాగితం కోసం... సరే, అది కొట్టెయ్యండి ప్రభుదాసుగారూ.”

“ఇంకా రాయలేదండి.”

“మాట్లాడదు అని రాయండి. గంట నుంచి చూస్తున్నా, నోరు తెరవలేదు.”

“నాతో మాట్లాడిందండీ. క్యారేజీలో ఏముందని అడిగింది. చేపల పులుసు అన్నాను. అన్నంలో కలిపి పెట్టాను కూడా. మీరు కాగితం చూసుకుంటున్నారు.”

“అయ్యో, చేపా? ముల్లు గుచ్చుకుంటే నా ఉద్యోగం పోతుందమ్మా!”

“తనే తీసుకుంటోందండీ ముళ్ళు. అచ్చం మా అత్తగారిలా, ఒక్కోటీ తీసి గిన్నె అంచున పెడుతోంది. కొల్లేటి ఒడ్డు పిల్లే అయ్యుంటుంది.”

“ఏమోనమ్మా. గుండుగొలను బస్టాపులో దొరికింది. పేపర్లో ఫొటో వేయించాం, ఎవరూ రాలేదు.”

“ఆ స్వీడన్ వాళ్ళు ఎలాంటివాళ్ళండీ?”

“మంచివాళ్ళమ్మా. ఏడాదిగా ఎదురుచూస్తున్నారు. మంచం, దుప్పటి, బొమ్మలు, అన్నీ ఫొటో తీసి పంపించారు.”

“విన్నావుగా రత్నం. అక్కడ సుఖంగా ఉంటుంది.”

“ఉంటుందండీ. నాకే ఏడుపొస్తోంది.”

“ఏడిస్తే కారణం దొరకదు. కాస్త ఆలోచించనీ... ఏంటి పిల్లా? నాకొద్దు, నువ్వు తిను.”

“ముళ్ళు తీసి మీకు పెడుతోందండీ. నోరు తెరవండి.”

“వద్దంటే వినదే... ఊఁ.”

“రాజుగారూ, కారణం?”

“ఉండండి. నోట్లో అన్నం ముద్ద ఉంది.”

“నాకేం తొందర లేదండి. బస్సు తొందర మీదే.”

“ప్రభుదాసుగారూ.”

“చెప్పండి, రాసుకుంటాను.”

“నాలుగేళ్ళ పిల్లకి బస్సులో టిక్కెట్టు తియ్యాలాండీ?”