నడవనివ్వని ఊరు

హలో… ఆఁ, నేనేనండి… కాదండి, రాజ్‌కుమార్ గారు కాదు. నేను, కింద వాటా లీలావతిని.

అక్షయమ్మా, కంగారు పడకండి. మీ ఆయన బానే ఉన్నారు. ఫోను ఇక్కడుంది, మనిషి అక్కడున్నారు, అంతే.

ఎక్కడంటే… నడకకి వెళ్ళేరండి.

… నవ్వుతారేంటండీ?

… మూడు కిలోలు పెరిగేరా? మీకెవరు చెప్పేరు? … ఓహో, తూకం ఫోటో ఆయనే పంపించేరా. మంచి మనిషండి, దాచుకోవడం బొత్తిగా తెలీదు.

… మరేనండి. షుగరు తగ్గాలంటే నడవమన్నారు డాక్టరు గారు. హైదరాబాదులో నడవడానికి చోటు లేదనే గదా, కాలవ గట్టు, సముద్రం గాలి, మంచి ఎండ అనుకుంటూ మా అమలాపురం వచ్చేరు. మేడ మీద వాటా చూసిన రోజే చెప్పేరు, నాకు గుర్తుందండి.

… యాప్‌లో అడుగులు బోల్డన్ని పడ్డాయి గానీ బరువు మాత్రం పెరిగిందంటారు… ఊఁ.

అక్షయమ్మా, మీరు ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్తా ఆయన్ని నాకు అప్పజెప్పి వెళ్ళేరు. నేను అబద్ధం చెప్పనండి. మీరు కూచునే ఉన్నారా?

… బస్సులోనా? ఎక్కడికీ? … ఇక్కడికే! చెప్పనేలేదు! రావులపాలెం దాటేసేరా? అయ్యో, ముందు ఒక్క మాటంటే రొయ్యలు తెప్పించేదాన్ని గదండి!

… ఆఁ? ఏంటండీ?

… ఇల్లు ఖాళీ చెయ్యడానికా.

… కోపంగా ఉన్నారా? ఉండరా మరి.

సరే, ముందు అడుగుల సంగతి వినండి, తర్వాత మీ ఇష్టం. ఆయన రోజూ పొద్దున్నే బూట్లేసుకుని గట్టు మీదకి బయల్దేరేవారు. నా కళ్ళతో చూసేను. మలుపు దాకా బ్రహ్మాండంగా నడిచేవారు. మలుపు దగ్గర బంగారరాజుగారు బుల్లెట్టు ఆపేవారు.

… ఎందుకాపడమేంటండీ! తెలిసిన మనిషి నడిచి వెళ్తుంటే, బండి మీదున్నవాళ్ళు చూసి చూడనట్టు పోతారా? రేపు మొహం ఎలా చూపిస్తారండి?

… చెప్పేరంట. ‘వద్దండీ, వాకింగ్‌కి వెళ్తున్నాను’ అన్నారంట. ‘వాకింగ్ ఎక్కడో చెప్పండి, దింపేస్తాను’ అన్నారంట ఆయన.

… నవ్వకండి మరి, కోపంగా ఉన్నానన్నారు ఇప్పుడే.

ఆ గట్టు మీద గతుకులు మీకు తెలుసు గదా. బుల్లెట్టు ఎగిరినప్పుడల్లా జేబులో ఫోను ఒక అడుగు వేసేసుకుందండి. ఆయన కూచునే ఉన్నారు, ఫోను నడిచింది.

… బంగారరాజుగారొక్కరే కాదు. కొండలరావు ఆటో ఒకటి. ఓ రోజు కొబ్బరి లారీ.

… లారీయేనండి. గట్టు మానేసి అటువైపు రోడ్డయితే తెలిసినవాళ్ళుండరనుకున్నారు, పాపం. పైన కాయల మీద కూచోబెట్టి అంబాజీపేట తీసుకెళ్ళిపోయేరు.

… సముద్రం దగ్గరా? వెళ్ళేరు. ఆదివారం ఓడలరేవు వెళ్ళేరు, ఇసకలో నడుద్దామని. అక్కడ బోటు నడిపే అయ్యప్ప చూసేడు. ‘ఇసకలో కాళ్ళు పీకేస్తాయండి బాబూ’ అని బోటెక్కించేసేడు.

… తిండి… అంటే… ఎక్కించుకున్నవాళ్ళు ఊరికే దింపెయ్యరు గదండి. ఇంటికి తీసుకెళ్తారు. ఇంటికొచ్చిన మనిషికి ఓ పెసరట్టేనా పెట్టకుండా ఎలాగా?

… తెలుసండి, షుగరని ఊరందరికీ తెలుసు! నేనే చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేయించేను. అప్పట్నించీ మా సంఘంలో ఆడవాళ్ళంతా ఆయనకని పంచదార మానేసి, ప్రత్యేకంగా బెల్లంతో చేసిన పూతరేకులు పంపిస్తున్నారు.

… బెల్లమేనండి, ఒక్క పలుకు పంచదార లేదు…

… అవునా? రెండూ ఒకటేనా?

… అయితే ఆ తప్పు నాదేనండి. రోజూ నేనే మేడ మీదకి పట్టుకెళ్ళి ఇచ్చేను.

అమ్మా, అరవకండి, బస్సులో జనం ఉంటారు. ఆయన పడుతున్న అవస్థ చూసి నేనే ఓ ఉపాయం చేసేనండి. సత్యవతి తెలుసుగా, చేపలు తెస్తుంది… ఆఁ, ఆవిడే. ఆవిడ చెవిలో ఓ మాట వేసేను. మా మేడ మీద ఆయనకి మొక్కుంది, బండెక్కకూడదు, నడిచే వెళ్ళాలీ అని.

… మాకు మొక్కుల్లేవండి. అయినా ఈ ఊళ్ళో పుట్టి పెరిగేను, ఆ మాటకెంత విలువుందో నాకు తెలీదా? మొక్కు నడక నడిచేవాళ్ళని ఎవరూ బండెక్కించరు. ఎక్కించినవాళ్ళకే పాపం.

… ఏ దేవుడికని నేననలేదు. అంబాజీపేట అమ్మవారికని సత్యవతే తేల్చేసింది. నేను తల ఊపేను.

… ఎందుకొప్పుకోరు? ‘నిజంగా నడవనిస్తారా ఆంటీ?’ అన్నారు. కళ్ళమ్మట నీళ్ళొక్కటే తక్కువ.

పొద్దున్నే వెళ్ళేరు. సత్యవతీ వాళ్ళూ వీధి చివరి దాకా వెళ్ళి సాగనంపేరు. వీధి వీధంతా తమ కొబ్బరికాయలు కూడా కొట్టమని ఆయన సంచిలో వేసేరు. మొక్కు నడకలో ఫోనేంటని సత్యవతి లాక్కుని నా చేతిలో పెట్టింది.

అన్నట్టు, మీ యాప్‌లో ఇవాళ ఎన్ని అడుగులు చూపిస్తోందండి?

… సున్నానా!

అక్షయమ్మా, ఆ సున్నా చూసి సంతోషించండి. మా ఊరొచ్చేక ఆయన నడిచింది ఇవాళేనండి!

… నిజం. కొండలరావు ఇప్పుడే వచ్చి చెప్పేడు. గుడి దాకా నడిచి, కాయలు కొట్టి, మళ్ళీ నడిచే వస్తున్నారంట. ఖాళీ ఆటో ఉండి కూడా ఎక్కించుకోలేకపోయేనే అని వాడు మా అరుగు మీద కూచుని ఒకటే బాధ.

… మీరన్నది నిజమేనండి. ఆరోగ్యం కోసం వచ్చేరు, మేము పాడుచేసేం. వెళ్ళిపోతానంటే ఏమని ఆపుతాను? వాటాకి ఇంకెవరో వస్తారు. కానీ మీరెళ్ళిపోతే నాకు బెంగండి. మా ఆయనకీ అంతే, లాజరు మాస్టారు పైకి చెప్పరు గానీ. పొద్దున్నే మీరిద్దరూ పైన ఎండలో కుర్చీలేసుకుని, కాఫీ తాగుతా పోట్లాడుకుంటుంటే, కింద మాకు ఎంత కాలక్షేపమనుకున్నారు!

… అన్నీ వినపడతాయండి. ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేసే సంగతి కూడా.

… ఇప్పుడెక్కడున్నారు? … అంబాజీపేట దాటేసేరా! అయితే కిటికీలోంచి చూస్తా ఉండండి. నీలం టోపీ, భుజం మీద సంచి…

… కనిపించేరా! … కుంటుతున్నారా? కుంటితే కుంటేరు, నడుస్తున్నారా లేదా?

… బస్సెందుకాగిందండి? మీరాపమన్నారా? … లేదా? మరి?

… డ్రైవరే ఆపేడా! ఆయన్ని ఎక్కమంటున్నాడా! అయ్యో అయ్యో, ఎక్కొద్దనండి! ఫోను డ్రైవరుకివ్వండి, ముందు డ్రైవరుకివ్వండి!

ఏవండీ డ్రైవరు గారూ… ఆయ్, నమస్కారమండి. మీ మనసు మంచిదండి. కానీ ఆయన ఎక్కకూడదు. … సీటు ఖాళీగా ఉంటే ఉంది లెండి. … టికెట్టు అక్కర్లేకపోయినా ఎక్కకూడదండి. మొక్కండీ బాబూ, మొక్కు!

… ఆఁ. అదండి సంగతి. … వచ్చే వారం మీ కాయ కూడానా? … ఆయ్, తప్పకుండా. ఆయనే తీసుకెళ్తారు. ఆ అమ్మాయిగారికిచ్చెయ్యండి ఫోను.

… అక్షయమ్మా? ఏం చేస్తున్నారు? … మీరు దిగేసేరా! ఆయనతో నడిచొస్తారా? … బ్యాగు బస్సులోనే ఉంచండి, స్టాండులో మా మాస్టారు తీసుకుంటారు.

… మరి, ఖాళీ చెయ్యడం…

… అవునండి, వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి గదా. డ్రైవరు గారికి మాటిచ్చేసేను. … ఆయ్! ఆయ్, అమ్మా. చాలా సంతోషమండి.

… లేదండి, ఎవర్నీ పంపించను. మాకు ఒట్లు పెట్టకూడదు గానీ, మాటిస్తున్నాను. కొండలరావుని కదలనివ్వను. మీరు హాయిగా నడిచి రండి. … ఉంటానండి.

పెట్టేసేరు.

మాస్టారూ! ఏవండీ, స్కూటరు తియ్యండి. … ఇప్పుడేనండి! బస్సు దిగి ఆ పిల్ల కూడా ఎండలో నడిచొస్తోందంట, పాపం. చూసినవాళ్ళేమనుకుంటారు? వెళ్ళి ఇద్దర్నీ ఎక్కించుకొచ్చెయ్యండి.